చేతికి ఎముక లేని మనిషిని ఇంగ్లిష్‌లో ఏమనాలి?

ఈ నెల భాషా సందేహాల శీర్షికకు హైదరాబాదు నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ధారాళంగా ఇచ్చే మనిషిని ఇంగ్లిష్‌లో ఎలా మెచ్చుకోవాలన్నది ఆ విషయం. సన్మాన పత్రాలు, ఉద్యోగ సిఫార్సులు, శిలాఫలకాలు, సంతాప ప్రకటనలు ఈ నగరంలో ఇంగ్లిష్‌లో రాసుకోవడం అలవాటైపోయింది కాబట్టి, ఆ మాటలను తూకం తెలిసి వాడుకోవడం అవసరమే. ఉత్తరాలను కొంత కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: మా ప్రధానోపాధ్యాయులు వచ్చే నెలలో పదవీ విరమణ చేస్తున్నారు. ఎందరో పేద పిల్లల పరీక్ష ఫీజులు తన జీతంలోంచి కట్టిన మనిషి. సన్మాన పత్రంలో ‘జెనరస్ టు ఎ ఫాల్ట్’ అని రాశాను. ‘ఫాల్ట్’ అంటే తప్పు కదా, సన్మానానికి పిలిచి తప్పులెన్నడమేమిటని ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు. ఎవరిది సరి? – ఒక ఉపాధ్యాయిని, ఉప్పల్

జవాబు: ఆ పదబంధంలో నింద లేదు కాబట్టి అర్థం విషయంలో మీరే సరి. ఒక మంచి గుణం హద్దు దాటి, ఇక దీన్ని లోపమనాలేమో అనిపించేంతగా ఉన్నదని చెప్పడమే దాని ఉద్దేశం. అందుకే అది మంచి గుణాల పక్కనే చేరుతుంది. ‘ఆనెస్ట్ టు ఎ ఫాల్ట్’ అంటారు, ‘పొలైట్ టు ఎ ఫాల్ట్’ అంటారు. సోమరిని ‘లేజీ టు ఎ ఫాల్ట్’ అనరు, సోమరితనం ఎలాగూ లోపమే కాబట్టి. అయితే ఈ మెప్పులో సన్నని ముల్లు ఒకటి ఉన్న మాట కూడా నిజం. ఇచ్చి ఇచ్చి తనకు లేకుండా చేసుకున్నాడన్న ధ్వని అందులో వినిపిస్తుంది. మన ఇళ్ళలో ఇల్లాలు భర్త గురించి ‘ఆయన చేతికి ఎముక లేదమ్మా’ అన్నప్పుడు గర్వమూ విసుగూ కలిసి పలుకుతాయి చూడండి, ఇదీ అలాంటిదే. సన్మాన సభలో మొదటి వరుసలో ఆ ఇల్లాలే కూర్చుని ఉంటారు. పైగా మీ సహోద్యోగి లాగా ‘ఫాల్ట్’ దగ్గర ఆగిపోయే శ్రోతలు ఇంకా కొందరుంటారు. కాబట్టి ఆ మాటను మిత్రుల మధ్య సంభాషణకు అట్టిపెట్టుకుని, పత్రంలోంచి తీసేయమని నా సలహా.

దాని స్థానంలో ఏం రాయాలని అడుగుతారు. మీ ఉత్తరంలోనే ఆ వాక్యం ఉంది. విద్యార్థుల పరీక్ష ఫీజులు ఆయన తన జీతంలోంచి కట్టారన్న సంగతిని ఉన్నదున్నట్టుగా ఒక చిన్న ఇంగ్లిష్ వాక్యంలో చెప్పండి. విశేషణం కావాలనుకుంటే ‘క్వైట్లీ జెనరస్’ అనండి. గుప్తదానం చేసే మనిషికి అంతకంటె అతికే మాట ఇంగ్లిష్‌లో నాకు కనబడలేదు. ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ ఇక్కడ అంతగా నప్పదు. అది దయగల మనసును మెచ్చుకునే మాటే అయినా, పైకి గరుకుగా కనిపించి లోపల వెన్నలాంటి మనసున్న వారి గురించి చెప్పేటప్పుడు బాగా పండుతుంది. మీ ప్రధానోపాధ్యాయులు బెత్తం పట్టుకుని వరండాలో తిరిగే రకమైతే మాత్రం నిరభ్యంతరంగా వాడండి.

ప్రశ్న: ఉద్యోగ ఇంటర్వ్యూలో నా గురించి చెప్పమంటే ‘ఐ హావ్ హెల్పింగ్ నేచర్’ అన్నాను. తరువాత ఒక శిక్షకుడు అది ఇంగ్లిష్ కాదన్నారు. మా కళాశాలలో అందరూ అదే అంటాం. – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: మీ కళాశాలలోనే కాదు, అమీర్‌పేటలో నకలు తీయించుకునే ప్రతి రెండో రెజ్యూమెలోనూ, పెళ్ళి సంబంధాల బయోడేటాల్లోనూ ఆ మాట కనిపిస్తుంది. ‘సహాయం చేసే గుణం’ అన్న తెలుగు మాటను తెచ్చి ఇంగ్లిష్ గుమ్మంలో నిలబెట్టినందువల్ల పుట్టిన పదబంధమది. మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది, బయటి దేశం వారికి మాత్రం వింతగా తోస్తుంది. ‘హెల్ప్‌ఫుల్’ అన్న ఒక్క మాట చాలు. అయితే ఇంటర్వ్యూలో తన దయాగుణాన్ని తానే ప్రకటించుకోవడం ఏ భాషలోనైనా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. చివరి సంవత్సరంలో జూనియర్లకు ప్రోగ్రామింగ్ నేర్పాననో, ప్రాజెక్టులో వెనకబడిన మిత్రుడి భాగం కూడా కూర్చుని పూర్తి చేయించాననో చెబితే, గుణం సంగతి ఎదుటివారే గ్రహిస్తారు.

ఈ సందర్భంలోనే మనవాళ్ళు తరచుగా పొరబడే మరి కొన్ని మాటలను ఎత్తి చూపడం బాగుంటుంది. ‘బ్రాడ్ మైండెడ్’ను మనం పెద్ద మనసున్నవాడు అనే అర్థంలో వాడుతున్నాం. ఇంగ్లిష్‌లో దానికి ఇవ్వడంతో సంబంధం లేదు. తనకు భిన్నమైన ఆలోచనలను, అలవాట్లను సహించేవాడని దాని అర్థం. పైసా విదల్చని పిసినారి కూడా బ్రాడ్ మైండెడ్ కావచ్చు. పెద్ద మనసుకు ‘బిగ్ హార్టెడ్’ వాడుక మాట. మన పత్రికల్లో కనిపించే ‘లార్జ్ హార్టెడ్’ తప్పు కాదు కానీ, కొంచెం పాతకాలపు వాసన వేస్తుంది. ‘లిబరల్’ అన్న మాట ఒకప్పుడు ధారాళంగా ఇచ్చే మనిషికి చక్కగా సరిపోయేది. ఇప్పుడు దాన్ని ఒంటరిగా వాడితే వినేవారు రాజకీయాల వైపు వెళ్ళిపోతారు. ఇక ‘సాఫ్ట్ కార్నర్’ ఉంది. ఆయనకు మా మీద సాఫ్ట్ కార్నర్ అని మనం అనే చోట ఇంగ్లిష్ వారు ‘సాఫ్ట్ స్పాట్’ అంటారు. అది అభిమానానికి సంబంధించిన మాట. అభిమానం ఉన్నంత మాత్రాన జేబులో చెయ్యి పెట్టాలని లేదు.

ప్రశ్న: మా బృందానికి మధ్యాహ్న భోజనం నేనే పెట్టిస్తూ, విదేశీ సహోద్యోగులతో ‘టుడే లంచ్ ఈజ్ ఆన్ ద హౌస్’ అన్నాను. వారు నవ్వారు. – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: ‘ఆన్ ద హౌస్’ అనవలసింది హోటలు యజమాని. బిర్యానీ తిన్నాక వడ్డించేవాడు ఖుబానీ కా మీఠా తెచ్చి పెట్టి, దీనికి బిల్లు లేదు అంటే, అది ఆన్ ద హౌస్. మీరు చెల్లించేటప్పుడు ‘లంచ్ ఈజ్ ఆన్ మీ’ అనో ‘మై ట్రీట్’ అనో అంటే సరి. మనం రోజూ అనే ‘పార్టీ ఇస్తాను’ను అలాగే ఇంగ్లిష్‌లో పెట్టి ‘ఐ విల్ గివ్ పార్టీ’ అంటే, వారు సాయంత్రానికి సంగీతమూ అతిథులూ ఊహించుకుని తయారై వస్తారు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో వర్షపు నీటి ఇంకుడు గుంతలకు అయిన ఖర్చులో పెద్ద భాగం ఒక కుటుంబం ఇచ్చింది. వారి పేరుతో ఇంగ్లిష్‌లో ఫలకం పెట్టాలని సంఘం తీర్మానించింది. ‘ప్రిన్స్‌లీ డొనేషన్’ అని ఒకరు, ‘మ్యూనిఫిసెంట్’ అని ఒకరు, ‘హ్యాండ్సమ్’ అని ఒకరు సూచించారు. – సంఘ కార్యదర్శి, నిజాంపేట

జవాబు: ‘ప్రిన్స్‌లీ’ని వదిలేయండి. ‘ప్రిన్స్‌లీ సమ్’ అన్న మాటను ఇంగ్లిష్‌లో వెటకారానికి విరివిగా వాడుతున్నారు. రోజంతా పని చేయించుకుని రెండు వందలు చేతిలో పెట్టిన వారి గురించి చెప్పేటప్పుడు ఆ మాట బాగా వినిపిస్తుంది. ‘హ్యాండ్సమ్’ తప్పేమీ కాదు, విరాళం మొత్తం బాగా పెద్దదని దాని అర్థం, దాత అందగాడని కాదు. కానీ మీ ఫలకం చదివే పిల్లలు అందరూ అలాగే అనుకుంటారు. ‘మ్యూనిఫిసెంట్’ విశ్వవిద్యాలయాలకు, ఆసుపత్రులకు భవనాలు కట్టించిన దాతల స్థాయి మాట. ఇంకుడు గుంతల మీద అది బరువుగా కూర్చుంటుంది. ‘జెనరస్’ అన్న సాదా మాట ఎంత వాడినా అరగలేదు, దానినే వాడండి.

‘డొనేషన్’ గురించి ఒక మాట. ఈ నగరంలో ఆ పదానికి వేరే బతుకు కూడా ఉంది. పిల్లవాడి సీటు కోసం రసీదు లేకుండా కట్టే డబ్బును మనం డొనేషన్ అనే పిలుస్తున్నాం. ఆ వసూలును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం వచ్చింది, చట్టం దాన్ని ‘క్యాపిటేషన్ ఫీ’ అంది. బలవంతంగా తీసుకున్నదానికి దానం పేరు పెట్టి అందరమూ నిశ్చింతగా ఉన్నాం. ఆ అనుమానం మీ ఫలకం మీద పడనక్కరలేదు కాబట్టి, ‘కాంట్రిబ్యూషన్’ అన్నా, ‘గిఫ్ట్’ అన్నా బాగానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ‘గిఫ్ట్’ అంటే పుట్టినరోజు కానుక మాత్రమే కాదు, సంస్థలకు ఇచ్చే విరాళాన్ని కూడా అలాగే అంటారు.

అదే తీర్మానంలో, చిన్న మొత్తాలు ఇచ్చినవారి వరుసకు ‘మైట్స్’ అని శీర్షిక పెట్టారని రాశారు. దయచేసి మార్చండి. బైబిల్లో ఒక బీద విధవరాలు తనకున్న రెండు చిల్లర కాసులనూ దేవాలయపు కానుక పెట్టెలో వేసిన కథ నుంచి వచ్చిన మాట అది. నా వంతు మైట్ నేను ఇచ్చానని తన గురించి వినయంగా చెప్పుకోవచ్చు. ఎదుటివారు ఇచ్చినదాన్ని మైట్ అనడం మర్యాద కాదు.

ప్రశ్న: వార్షిక సమీక్షలో మా మేనేజరు నా గురించి ‘జెనరస్ విత్ హర్ టైమ్’ అని రాశారు. ఇది మెప్పా, లేక సమయం వృథా చేస్తున్నానన్న సూచనా? – మాదాపూర్ నుంచి ఒక ఉద్యోగిని

జవాబు: నిశ్చయంగా మెప్పే, అందులోనూ మేలురకం మెప్పు. డబ్బు ఉన్నవారెవరైనా ఇవ్వగలరు, పని ఒత్తిడిలో కొత్తగా చేరిన వారి పక్కన కూర్చుని ఓపికగా నేర్పే మనిషి అరుదు. ఇంగ్లిష్‌లో ‘జెనరస్ విత్’ తరువాత ఏ మాట వస్తుందన్నదాన్ని బట్టి మొత్తం అర్థం మారిపోతుంది కాబట్టి, మీ సందేహం వల్ల ఒక మంచి విషయం చర్చకు వచ్చింది. ‘టైమ్’, ‘ప్రెయిజ్’ వస్తే మెప్పు. ‘అడ్వైస్’ వస్తే మాత్రం జాగ్రత్త పడాలి. ‘జెనరస్ విత్ హిజ్ అడ్వైస్’ అంటే అడగకుండానే సలహాలిచ్చేవాడని కొంటెగా అనడం కావచ్చు. (ఈ శీర్షిక నడుపుతున్న వారికి అది ఎప్పుడో తగలవలసిన మాట.) ఇక ‘జెనరస్ విత్ అదర్ పీపుల్స్ మనీ’ అన్నది పూర్తిగా ఎత్తిపొడుపే. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న మన సామెతకు అది అచ్చమైన జోడు. ఎన్నికల ముందు ప్రకటించే పథకాలను ఇంగ్లిష్ పత్రికలు ‘లార్జెస్’ అని రాసేటప్పుడు కూడా ఆ అల్లుడే వెనక నిలబడి ఉంటాడు. ఆ మాటకు నిఘంటువులో ఉదారత అనే అర్థమున్నా, పత్రికా రచనలో ఖజానా డబ్బుతో పేరు తెచ్చుకోవడమన్న ధ్వని బాగా కలిసిపోయింది.

అదే సమీక్షలో ‘గోజ్ ద ఎక్స్‌ట్రా మైల్’ అని ఉంటే, దానికి కార్యాలయాల్లో అర్థం అరిగిపోయింది, అంతగా పొంగిపోకండి. మత్తయి సువార్తలో, నిన్నొకడు బలవంతంగా ఒక మైలు నడిపిస్తే అతనితో రెండు మైళ్ళు నడువు అన్న బోధ నుంచి పుట్టినదది. మొదటి మైలు బలవంతం, రెండోది మన ఇష్టం. రాత్రి పది వరకు కూర్చోబెట్టి పని చేయించుకుని, దానిని ‘ఎక్స్‌ట్రా మైల్’ అనడం మొదటి మైలునే రెండోదిగా లెక్కగట్టడం.

ప్రశ్న: రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చేవారిని ‘గుడ్ సమారిటన్’ అంటున్నారు. సేవ చేసే ఎవరినైనా అలా అనవచ్చా? – ఒక విద్యార్థిని, కోఠి

జవాబు: ఎవరినైనా అనడం కుదరదు, ఆ మాటకు ఒక షరతు ఉంది. లూకా సువార్త పదో అధ్యాయంలోని కథ ప్రకారం, యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో దొంగలు ఒక మనిషిని కొట్టి పడేస్తారు. ఒక యాజకుడు, ఒక లేవీయుడు (దేవాలయ సేవకుడు) చూసి కూడా పక్కనుంచి వెళ్ళిపోతారు. సమరయ దేశస్థుడొకడు ఆగి, గాయాలకు కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి తీసుకువెళ్ళి, సత్రం వాడికి డబ్బు కూడా ఇస్తాడు. యూదులకు, సమరయులకు పొసగని కాలమది. ముక్కూ మొహం తెలియని, సహాయం చేయవలసిన బాధ్యత లేని మనిషి చేసినప్పుడే ఆ పేరు దక్కుతుంది. మీ మేనమామ మిమ్మల్ని చదివిస్తే ఆయన ఉదారుడే, గుడ్ సమారిటన్ మాత్రం కాదు.

మన దేశంలో ఇది చట్టంలోకి కూడా ఎక్కిన మాట. ప్రమాద బాధితులను ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులూ ఆసుపత్రులూ వేధించకుండా కాపాడే మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చిలో చట్టబద్ధత కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ సెక్షన్‌గా ఆ రక్షణను చేర్చారు. సహాయం చేసినవారు తమ పేరు, చిరునామా చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదం చూసి, కేసులో ఇరుక్కుంటామేమోనని ముందుకు వెళ్ళిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ ఒక్క సంగతీ భాషా సందేహాల పరిధి దాటినా చెప్పాలనిపించింది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి తన ఇంటి యజమాని గురించి ‘ఒంటి మీద చొక్కా కూడా విప్పి ఇచ్చే రకం’ అని అక్కడివారు అనుకుంటారని చెప్పాడు. ఇది నిజంగా గౌరవమేనా? – ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: గౌరవమే, అమ్మా. ‘హి వుడ్ గివ్ యు ద షర్ట్ ఆఫ్ హిజ్ బ్యాక్’ అన్నది వారి వాడుకలో ఆప్యాయంగా పలికే మాట. ఒంటిని అంటి ఉన్న కవచకుండలాలనే కోసి ఇచ్చిన కర్ణుడి కథ విని పెరిగిన మనకు చొక్కా ఓ లెక్కలోనిది కాకపోవచ్చు. చొక్కాతో ఆగింది ఎందుకంటే అది మామూలు మనుషుల మాట, మహాదాతలది కాదు. పొరుగింటివాడు, లారీ డ్రైవరు, పాత స్నేహితుడు లాంటి వారికి వాడితే బాగుంటుంది. సంస్థల అధిపతులకు రాసే ఉత్తరాల్లో వాడకండి.

ప్రశ్న: మా నాయనమ్మ ఎవరొచ్చినా లేదనకుండా అన్నం పెట్టేది. ఆమె సంవత్సరీకానికి అచ్చు వేయిస్తున్న చిన్న పుస్తకంలో మా అన్నయ్య ఆమెను ‘సాఫ్ట్ టచ్’ అనీ, ‘ఫిలాంత్రపిస్ట్’ అనీ రాశాడు. సరేనా? – ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండూ తీసేయించండి. ‘సాఫ్ట్ టచ్’ అంటే కాస్త మొహం వేలాడేసుకుని వెళితే ఇట్టే డబ్బు రాలే మనిషని, అంటే సులువుగా మోసపోయే మనిషని అర్థం. నాయనమ్మను అనవలసిన మాట కాదు. ‘ఫిలాంత్రపిస్ట్’ అంటే సంపదను ప్రజల మేలు కోసం పెద్ద ఎత్తున వెచ్చించేవారు. హైదరాబాదుకు దగ్గర్లోని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగిన వెంటనే వంద ఎకరాలు ఇచ్చిన వెదిరె రామచంద్రారెడ్డి లాంటివారికి ఆ మాట తగును. అయితే ఆ దానం గురించి రాసేటప్పుడు ఇంగ్లిష్ రచయితలు కూడా ‘భూదాన్’ అన్న మాటనే ఉంచుకున్నారు. మనం అన్నదానాన్ని ‘ఫ్రీ ఫుడ్’ అని ఎందుకు చిన్నబుచ్చుకోవాలి? ఆ పుస్తకంలో ‘అన్నదానం’ అనే రాయండి. చదివేవారికి అర్థమవుతుంది, కాకపోతే అడిగి తెలుసుకుంటారు.

ఇంగ్లిష్ మాటే కావాలని మీ అన్నయ్య పట్టుబడితే, ‘షి కెప్ట్ ఓపెన్ హౌస్’ అనమనండి. ఏ వేళకు ఎవరు వచ్చినా ఆ ఇంట్లో ఆదరణా, భోజనమూ దొరుకుతాయని దాని అర్థం. గోదావరి లంకల్లో దారిన పోయే వారందరికీ వేళాపాళా చూడకుండా వండి పెట్టిన డొక్కా సీతమ్మగారి గురించి ఇంగ్లిష్‌లో ఎవరైనా అడిగితే నేను ఆ మాటే చెబుతాను. లంకల గన్నవరం దగ్గరి అక్విడక్టుకు, అంటే కాలువ నీటిని నది మీదుగా దాటించే వంతెనకు, ఆమె పేరు పెట్టుకున్నారు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే ఉంది.

ప్రశ్న: ఆసుపత్రి దగ్గర రోగుల సహాయకులకు ఉచితంగా భోజనం పెడుతున్నాం. బ్యానరు మీద ‘ఛారిటీ మీల్స్’ అని వేయించాం. వరుసలో నిలబడిన ఒక పెద్దాయన అది చదివి వెళ్ళిపోయారు. – ఒక యువజన బృందం, సికింద్రాబాదు

జవాబు: ఆయన వెళ్ళిపోవడంలో ఆశ్చర్యం లేదు. ‘ఛారిటీ’ ఇచ్చేవారి నోట బాగుంటుంది, పుచ్చుకునేవారి నుదుట రాస్తే గుచ్చుకుంటుంది. నగరపాలక సంస్థ 2014 నుంచి నడుపుతున్న 5 రూపాయల భోజనానికి, సగర్వంగా నాణెం ఇచ్చి పళ్ళెం అందుకునే మనిషికి ఈ చిక్కు లేదు. అది ‘సబ్సిడైజ్డ్ మీల్’ తప్ప దానం కాదు. మీరు పూర్తిగా ఉచితంగా పెడుతున్నారు కాబట్టి, బ్యానరు మీద ‘భోజనం’ అని తెలుగులో రాసి, కింద వేళలు వేయండి. ఆ పెద్దాయన మళ్ళీ కనిపిస్తే, ఎవరూ చూడని చోట కూర్చోబెట్టి వడ్డించండి.

ప్రశ్న: ‘డీప్ పాకెట్స్’ ఉన్నవాడంటే దాతేనా? – జూబ్లీహిల్స్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కాదు. డబ్బున్నవాడని మాత్రమే. ఆ జేబుల లోతు ఎంతో చెబుతుంది కానీ, చెయ్యి అందులోకి వెళుతుందో లేదో చెప్పదు.

ప్రశ్న: కాలనీ గుడికి గానీ, పేద పిల్లల పుస్తకాలకు గానీ చందా అడిగిన ప్రతిసారీ మా బావగారు ‘ఛారిటీ బిగిన్స్ ఎట్ హోమ్’ అని తప్పించుకుంటారు. దీనికి ఏం జవాబు చెప్పాలి? – విశ్రాంత ఉద్యోగి, తార్నాక

జవాబు: దయ అన్నది మొదట ఇంట్లో మొలకెత్తాలి, ఇంటివారిని ప్రేమించలేనివాడు ఊరిని ఉద్ధరించలేడు అన్నది ఆ సామెత చెప్పదలచిన సంగతి. కాలక్రమంలో అది మీ బావగారి లాంటి వారి చేతిలో చక్కని తాళంకప్ప అయింది. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని మనకూ సామెత ఉంది కానీ, అది ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేసేవారిని హెచ్చరించడానికి పుట్టింది. సొంత ఇల్లు, పెన్షనూ ఉండి వంద రూపాయలకు వెనకాడేవారికి అది వర్తించదు. ఆ సామెతకు ఇంగ్లిష్ వారే చెప్పుకునే జవాబొకటి ఉంది: ‘బట్ ఇట్ షుడ్ నాట్ ఎండ్ దేర్’, అంటే అక్కడ మొదలైనా అక్కడే ఆగిపోకూడదు అని. బావగారితో వాదన పెంచుకోకుండా, నవ్వుతూ ఆ మాట అనేసి, ఈసారి చందా రసీదు పుస్తకం ఆయన చేతికే ఇచ్చి మూడో అంతస్తు వసూలు బాధ్యత అప్పగించి చూడండి.